రెండో బేస్ ఆటగాడు బడ్ ఫౌలర్

చిన్న ఊళ్ళ బేస్‌బాల్ చరిత్ర – 6వ భాగం

1887 జూన్ నెలాఖరున న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్ జట్టు తన రెండో బేస్ ఆటగాణ్ణి వదిలేసింది. అప్పటికి ఆయన ఆ సీజన్‌లో ఆడినవి 34 ఆటలు. ఆనాటి లెక్కల పద్ధతిలో బ్యాటింగ్ సగటు .350, అంటే వందసార్లు బ్యాట్ పడితే ముప్పై ఐదుసార్లు హిట్ కొట్టినట్టు. పరిగెత్తి దొంగిలించిన బేస్‌లు ఇరవైకి పైనే. ఇలాంటివాణ్ణి సీజన్ మధ్యలో ఏ జట్టూ వదులుకోదు. బింగమ్‌టన్ వదులుకోవడమే కాక ఒక షరతు కూడా పెట్టింది: ఇంటర్నేషనల్ లీగ్‌లోని మరే జట్టులోనూ ఆయన చేరకూడదు.

ఆ ఆటగాడి పేరు బడ్ ఫౌలర్. జీతం తీసుకుని తెల్లవాళ్ళ లీగుల్లో ఆడిన నల్లజాతి బేస్‌బాల్ ఆటగాళ్ళలో చరిత్రకు తెలిసిన మొదటివాడు. పెద్ద లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. జీవితమంతా చిన్న లీగుల్లోనే, చిన్న ఊళ్ళలోనే గడిచింది.

1876లో నేషనల్ లీగ్ పుట్టిన తీరు గత భాగాల్లో చూశాం. ఆ లీగ్‌కు బయట దేశమంతటా డజన్ల కొద్దీ లీగులు పుట్టేవి, పోయేవి. ఈనాటి మైనర్ లీగులు పెద్ద జట్లకు కుర్రాళ్ళను తయారుచేసి పంపే శిక్షణశాలల్లాంటివి. 1880ల్లో అలా లేదు. ఊరి వర్తకులు, హోటల్ యజమానులు, పత్రికల వాళ్ళు తలా కొంత వేసుకుని జట్టు పెట్టేవారు. టికెట్ల డబ్బు చాలకపోతే జూలైకల్లా జట్టు మూతపడేది. నాలుగు జట్లు మూతపడితే లీగే పోయేది. ఆటగాడు పెట్టె సర్దుకుని ఇంకో ఊరికి రైలెక్కేవాడు. ఫౌలర్ జీవితం నడిచింది ఈ పట్టాల మీదే.

ఆయన అసలు పేరు జాన్ జాక్సన్. 1858 మార్చి 16న న్యూయార్క్ రాష్ట్రంలోని ఫోర్ట్ ప్లెయిన్‌లో పుట్టాడు. తండ్రిది క్షౌరవృత్తి. పిల్లవాడు పసివాడుగా ఉండగానే ఆ కుటుంబం కూపర్స్‌టౌన్‌కు మారింది. బేస్‌బాల్ తెలిసినవాళ్ళకు ఆ పేరు పుణ్యక్షేత్రం లాంటిది. 1839లో అబ్నర్ డబుల్‌డే అనే ఆయన అక్కడే ఈ ఆటను కనిపెట్టాడని ఒక కట్టుకథ పుట్టించి, దాని ఆధారంగానే 1939లో ఆ ఊళ్ళో మేటి బేస్‌బాల్ ఆటగాళ్ళ గౌరవశాల అయిన హాల్ ఆఫ్ ఫేమ్ తెరిచారు. డబుల్‌డే కథకు ఆధారం లేదని చరిత్రకారులు ఎప్పుడో తేల్చారు. నిజంగా ఆ ఊళ్ళో ఆట నేర్చుకుని, దాన్నే జీవనాధారం చేసుకున్న కుర్రవాడు మాత్రం ఈ క్షురకుడి కొడుకు. తండ్రి దగ్గర కత్తి పట్టడం కూడా నేర్చుకున్నాడు. ఉత్తరాది ఊళ్ళలో నల్లవాళ్ళకు దొరికే కొద్దిపాటి గౌరవమైన పనుల్లో అదొకటి. జీతం అందని నెలల్లో ఫౌలర్‌ను పోషించింది ఆ కత్తే.

ఎదురైన ప్రతివాణ్ణీ 'బడ్' అని పిలిచే అలవాటు ఉండడంతో ఆ పిలుపే ఆయనకు పేరైపోయింది.

1878 ఏప్రిల్ 24న మసాచుసెట్స్‌లోని చెల్సీ జట్టు తరఫున ఫౌలర్ పిచర్‌గా దిగాడు. ఎదుట ఉన్నది నేషనల్ లీగ్ విజేత బోస్టన్. వాళ్ళ పిచర్ టామీ బాండ్ ఆ రోజుల్లో దేశంలోకెల్లా గొప్పవాళ్ళలో ఒకడు. పోటీ స్నేహపూర్వకమైనదే, కానీ చెల్సీ 2–1తో గెలిచింది. ఇరవై ఏళ్ళ కుర్రవాడి పేరు పత్రికలకెక్కింది. మరుసటి నెలలో అదే రాష్ట్రంలోని లిన్ ఊరి లైవ్ ఓక్స్ జట్టు ఆయన్ని తీసుకుంది. ఆ జట్టు ఇంటర్నేషనల్ అసోసియేషన్ అనే లీగ్‌లోది. కెనడాలోని లండన్ నుంచి వచ్చిన టెకమ్సే జట్టు మీద ఆయన పిచింగ్ చేసిన ఆటలో లిన్ ముందంజలో ఉండగా, అంపైర్‌తో గొడవపడి టెకమ్సే ఆటగాళ్ళు మైదానం వదిలి వెళ్ళిపోయారు. గెలుపు లిన్‌దైంది. నల్లజాతి ఆటగాడు ఒక వ్యవస్థీకృత లీగ్‌లో ఆడడం అక్కడే మొదలైంది.

అంతకు పదేళ్ళ ముందే, 1867 డిసెంబరులో, అప్పటి ఆటగాళ్ళ జాతీయ సంఘం నల్లవాళ్ళున్న క్లబ్బులను చేర్చుకోబోమని తీర్మానించింది. ఆ సంఘం తర్వాత రద్దయిపోయింది. 1876లో వచ్చిన నేషనల్ లీగ్ అలాంటి నియమమేదీ కాగితం మీద పెట్టలేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఫౌలర్ పోరాడవలసి వచ్చింది రాసి ఉన్న చట్టంతో కాదు. చట్టమైతే చూపించి ప్రశ్నించవచ్చు. ఆయన ఎదుర్కొన్నది మూసిన గదుల్లో జరిగిన మాటలను, జట్టు సహచరులు పెట్టిన సంతకాలను, 'మాకు అభ్యంతరం లేదుగానీ కుర్రాళ్ళు ఒప్పుకోవడం లేదు' అనే యజమానుల సంజాయిషీలను. 1881లో కెనడాలోని గ్వెల్ఫ్ జట్టు ఆయన్ని పిలిపించుకుంది. ఊరికి చేరాక తోటి ఆటగాళ్ళు ఆయనతో కలిసి ఆడబోమన్నారు. జట్టు ఆయన్ని పంపించేసింది.

1884లో మిన్నెసోటాలోని స్టిల్‌వాటర్‌కు వెళ్ళాడు. నార్త్‌వెస్టర్న్ లీగ్‌లో ఆ జట్టు సీజన్ మొదట్లో వరసగా ఓడిపోతూ వచ్చింది. ఎట్టకేలకు దక్కిన మొదటి గెలుపు ఫౌలర్ పిచింగ్ చేసినదే. ఊరివాళ్ళు ఆనందం పట్టలేక ఆయనకు కొంత డబ్బు, ఒక సూటు బహుమతిగా ఇచ్చారు. ఆ లీగ్ కూడా ఎక్కువ కాలం నిలవలేదు.

అప్పటిదాకా ఆయన పిచర్‌గా, క్యాచర్‌గా, అవసరమైన ప్రతిచోటా ఆడాడు. 1885 నుంచి రెండో బేస్ ఆయన స్థానమైంది. ఆ స్థానం గురించి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. తర్వాత జరిగింది అర్థం కావాలంటే అది తెలియాలి.

బేస్‌బాల్ మైదానం లోపలి భాగం ఒక చతురస్రం. నాలుగు మూలల్లో నాలుగు బేస్‌లు, ఒక్కో బేస్‌కూ మధ్య 90 అడుగులు. లోపలి భాగాన్ని కాపాడేవాళ్ళనే ఇన్‌ఫీల్డర్లంటారు. వాళ్ళలో రెండో బేస్ ఆటగాడు మొదటి బేస్‌కూ రెండో బేస్‌కూ మధ్య నేలను కాచుకుంటాడు. దొర్లుతూ వచ్చే బంతిని వంగి పట్టి క్షణంలో విసరాలి. మొదటి బేస్ నుంచి ప్రత్యర్థి రెండో బేస్‌ను దొంగిలించడానికి దూసుకొస్తుంటే, క్యాచర్ విసిరిన బంతిని అందుకుని ఆ వచ్చేవాడి ఒంటికి తాకించాలి. అంటే పరిగెత్తుకొచ్చేవాడి దారిలో నిలబడాలి. ఆ రోజుల్లో ఇన్‌ఫీల్డర్లలో చాలామంది చేతికి తొడుగు వేసుకునేవారు కాదు. ఫౌలర్ ఉత్త చేతులతోనే ఆడాడు. వచ్చేవాడి బూట్ల అడుగున ఇనప ముళ్ళుంటాయి. అతను నేలమీద జారుతూ, కాళ్ళు ముందుకు చాపి వస్తాడు. ఆ ముళ్ళు బేస్ మీద దిగుతాయా, కాచేవాడి పిక్కల్లో దిగుతాయా అన్నది వచ్చేవాడి మనసులో ఏముందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

కాచేవాడు నల్లవాడైతే ఆ మనసులో ఏముందో దాచుకోవలసిన అవసరం కూడా ఉండేది కాదు. 1889లో స్పోర్టింగ్ న్యూస్ పత్రికలో ఇంటర్నేషనల్ లీగ్ ఆటగాడొకరు పేరు చెప్పకుండా చాలా సంగతులు బయటపెట్టాడు. ఫౌలర్ మోకాళ్ళ కింద చెక్క పలకలు కట్టుకుని ఆడేవాడనీ, అవి లేకపోతే ఆయన కాళ్ళు మిగిలేవి కావనీ దాని సారాంశం. రెండేళ్ళ తర్వాత చికాగో జట్టు ఆటగాడు నెడ్ విలియమ్సన్ ఇంకా ముందుకెళ్ళాడు. కాళ్ళు ముందుకు చాపి జారడమనే పద్ధతే బఫెలో జట్టులోని నల్లజాతి రెండో బేస్ ఆటగాణ్ణి గాయపరచడానికి పుట్టిందన్నాడు. అతను చెక్క కవచం తొడుక్కుంటే, ఆ చెక్కను చీల్చడానికి బూట్ల ముళ్ళకు పదును పెట్టుకునేవారట. ఆ పద్ధతి అక్కడే పుట్టిందా అన్నది వేరే సంగతి. తోటి వృత్తివాణ్ణి కుంటివాణ్ణి చేయాలన్న ప్రయత్నాన్ని ఇంత మామూలుగా చెప్పుకోగలిగారన్నదే నన్ను నిలవనివ్వదు.

విలియమ్సన్ చెప్పిన బఫెలో ఆటగాడు ఫ్రాంక్ గ్రాంట్. ఫౌలర్ కంటే ఏడేళ్ళు చిన్నవాడు, మసాచుసెట్స్‌వాడు. 1886 నుంచి 1888 దాకా వరసగా మూడు సీజన్లు బఫెలోకు ఆడాడు. ఆ రోజుల్లో దేశంలో మేటి రెండో బేస్ ఆటగాడైన ఫ్రెడ్ డన్‌లప్ పేరు మీద గ్రాంట్‌ను 'నల్ల డన్‌లప్' అనేవారు. ఒప్పందం మీద సంతకాలప్పుడు కొందరు అతన్ని స్పెయిన్‌వాడిగా చెప్పి సరిపుచ్చేవారు. 1888లో తోటి ఆటగాళ్ళు అతని పక్కన కూర్చుని జట్టు ఫొటో దిగడానికి కూడా ఒప్పుకోలేదు. కాళ్ళు కాపాడుకోవడానికి చివరికి అతను రెండో బేస్ వదిలి బయటి మైదానానికి మారవలసి వచ్చింది.

ఫౌలర్ విషయానికొస్తే, 1885లో ఐయోవాలోని కియోకక్ ఊరు ఆయన్ని ఎంతో ఇష్టపడింది. వెస్టర్న్ లీగ్ నడివేసవిలో మూతపడడంతో అక్కడినుంచి కొలరాడోలోని ప్యూబ్లోకి, డెన్వర్‌కు వెళ్ళాడు. దేశంలోని మేటి ఆటగాళ్ళలో ఒకడనీ, రంగు తెలుపైతే పెద్ద జట్లలో ఉండేవాడనీ ఆ ఏడాది స్పోర్టింగ్ లైఫ్ రాసింది. పొగడ్తలాగే కనిపించినా, తప్పు ఎవరిదో తెలిసీ ఆ పత్రిక అక్కడితో ఆగిపోయింది. 1886లో కేన్సస్‌లోని టొపీకాకు ఆడి .300 దాటిన సగటుతో నిలిచాడు. మూడు బేస్‌ల హిట్లలో ఆ లీగ్‌కంతటికీ ఆయనే మొదటివాడు.

ఆ ఊళ్ళ వరస చూస్తే నాకొకటి స్పష్టంగా కనిపిస్తుంది. లీగ్ ఎంత బలహీనంగా ఉంటే ఫౌలర్‌కు అంత చోటుండేది. కొత్తగా రైలు వచ్చిన ఊళ్ళు, ఆటగాళ్ళు దొరకని పడమటి రాష్ట్రాలు, సీజన్ గడుస్తుందో లేదో తెలియని జట్లు ఆయన్ని పిలిచేవి. డబ్బు, స్థిరత్వం, పేరు వచ్చిన లీగులు తలుపు మూసేవి. ఇన్ని జట్లు మారాడంటే నిలకడ లేనివాడని కొందరు తేలిగ్గా రాశారు. ఆ మారడాల్లో చాలావాటికి కారణం లీగుల మూసివేత, మిగిలినవాటికి తోటివాళ్ళ వెలివేత. బాగా ఆడకపోవడం వల్ల ఆయన్ని పంపించారన్న మాట ఆ తొలి ఏళ్ళ చరిత్రలో ఎక్కడా కనిపించదు.

1887కి ఇంటర్నేషనల్ లీగ్ మైనర్ లీగుల్లో ఎంతో ఉన్నతమైనది. ఆ ఏడాది అందులో నల్లజాతి ఆటగాళ్ళు ఒకరూ ఇద్దరూ కాదు, అరడజనుకు పైగా ఉన్నారు. బఫెలోలో గ్రాంట్, నెవార్క్‌లో పిచర్ జార్జ్ స్టోవీ, అతనికి క్యాచర్‌గా మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్. ఈ వాకర్ 1884లో టొలీడో తరఫున పెద్ద లీగ్‌లో ఆడినవాడు. బింగమ్‌టన్‌లో ఫౌలర్‌తో పాటు విలియమ్ రెన్‌ఫ్రో అనే పిచర్. ఆ వేసవి ఒక ద్వారం తెరుచుకున్నట్టే కనిపించింది. తెరుచుకున్న కొద్దీ లోపలివాళ్ళ ఆగ్రహం పెరిగింది.

బింగమ్‌టన్ ఆటగాళ్ళలో తొమ్మిదిమంది యాజమాన్యానికి టెలిగ్రామ్ కొట్టారు. నల్లవాళ్ళను తీసేయకపోతే తాము మైదానంలోకి దిగమన్నారు. యాజమాన్యం లొంగింది. ఫౌలర్ వెళ్ళిపోయాడు. ఆరు వారాలు గడిచాక, ఫౌలర్‌ను తీస్తేగానీ ఆడమని మొరాయించినందుకు ఆ ఆటగాళ్ళకు తలా 50 డాలర్లు జరిమానా వేశారు. మొరాయింపు తప్పని యాజమాన్యానికి తెలుసునన్నమాట. తెలిసి కూడా ఫౌలర్‌ను తిరిగి పిలవలేదు.

తర్వాతి దెబ్బ జూలై 14న పడింది. ఆ రోజు నెవార్క్‌లో పెద్ద లీగ్ జట్టయిన చికాగో స్నేహపూర్వక ఆటకు వచ్చింది. దాని నాయకుడు క్యాప్ ఆన్సన్ నల్లవాళ్ళతో ఆడనని ఏళ్ళ తరబడి బాహాటంగా చెబుతూ వచ్చినవాడు. పిచింగ్ చేస్తాడని ప్రకటించిన స్టోవీ ఆ రోజు దిగలేదు. అదే రోజు బఫెలోలో ఇంటర్నేషనల్ లీగ్ డైరెక్టర్లు సమావేశమయ్యారు. ఇకమీదట నల్లవాళ్ళతో కుదుర్చుకునే ఒప్పందాలను ఆమోదించవద్దని లీగ్ కార్యదర్శికి ఆదేశమిచ్చారు. ఓట్లు 6–4. మంచి ఆటగాళ్ళు వీళ్ళ మూలంగా లీగ్ వదిలి వెళ్ళిపోతున్నారన్నది వాళ్ళు చెప్పుకున్న కారణం. అప్పటికే ఒప్పందాలున్న కొద్దిమంది మరో ఒకటి రెండేళ్ళు కొనసాగారు. 1889లో సిరక్యూస్ జట్టు నుంచి వాకర్ వెళ్ళిపోవడంతో ఆ లీగ్‌లో నల్లజాతి ఆటగాళ్ళు లేకుండా పోయారు.

ఫౌలర్ ఆగలేదు. 1888లో ఇండియానా, న్యూ మెక్సికో, ఆ మరుసటి ఏడు మిచిగన్‌లోని గ్రీన్‌విల్, తర్వాత ఇల్లినాయ్, ఐయోవా, 1892లో నెబ్రాస్కా రాష్ట్ర లీగ్. వయసు ముప్పై దాటింది. తన చర్మమే తనకు అడ్డమనీ, రంగు కాస్త తక్కువైనా స్పెయిన్‌వాడినని చెప్పుకుని ఎక్కడో ఒకచోట కుదురుకునేవాడిననీ 1895లో ఆయన అన్న మాటలు పత్రికలో వచ్చాయి. గ్రాంట్ విషయంలో పనికొచ్చిన అబద్ధం కూడా ఆయనకు అందలేదు.

తలుపులు మూసుకుపోతే ఇల్లే కట్టుకోవాలని నిర్ణయించుకున్నాడు. 1894లో ఒహాయోలోని ఫిండ్లే జట్టులో ఆడుతుండగా, గ్రాంట్ జాన్సన్ అనే కుర్ర షార్ట్‌స్టాప్‌తో (రెండు, మూడు బేస్‌ల మధ్య కాచే ఆటగాడితో) కలిసి పూర్తిగా నల్లజాతి ఆటగాళ్ళతో ఒక జట్టు పెట్టాలని పథకం వేశాడు. మిచిగన్‌లోని అడ్రియన్ ఊరి వర్తకులు ముందుకొచ్చారు. ఆ ఊళ్ళోని పేజ్ వోవెన్ వైర్ ఫెన్స్ కంపెనీ తీగ కంచెలు తయారుచేసేది. ప్రచారం కోసం జట్టుకు తన పేరిచ్చి డబ్బు పెట్టింది. అలా 1895లో పేజ్ ఫెన్స్ జెయింట్స్ జట్టు బయల్దేరింది.

ఈ జట్టు నడిచిన తీరు చూస్తే ఫౌలర్ బుర్ర ఎంత పదునైనదో తెలుస్తుంది. నల్లవాళ్ళకు హోటళ్ళు గదులివ్వవు, తిండి పెట్టవు. పదిహేనేళ్ళకు పైగా ఊరూరా తిరిగినవాడికి ఆ కష్టం ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే జట్టుకు సొంత రైలు పెట్టె ఉంది. పడుకోవడానికి పడకలు, వంటవాడు, పనివాడు అన్నీ అందులోనే. ఊరు చేరగానే ఆటగాళ్ళంతా సైకిళ్ళెక్కి ప్రధాన వీధుల్లో ఊరేగేవారు. సైకిల్ అప్పుడు కొత్త వింత కాబట్టి జనం వెంటపడి మైదానానికి వచ్చేవారు. ఆ ఒక్క ఏడాదిలో వందకు పైగా ఊళ్ళలో ఆడి 118 ఆటలు గెలిచారు, 36 ఓడారు. పెద్ద లీగ్ జట్టు సిన్సినాటితో ఆడిన రెండు ఆటల్లోనూ ఓడిపోయారు. ఆ అవకాశం దక్కిన నల్లజాతి జట్లే తక్కువ.

విచిత్రమేమంటే, తాను కన్న జట్టును ఫౌలర్ జూలైలో వదిలి, అదే అడ్రియన్ ఊరి తెల్లవాళ్ళ జట్టులో, మిచిగన్ రాష్ట్ర లీగ్‌లో చేరాడు. ఆ ఏడే లాన్సింగ్‌కూ ఆడాడు. లీగ్ పట్టికలో పేరుండడం, అందరితో సమానంగా ఆడడం ఆయనకు ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుందని నా నమ్మకం. వ్యవస్థీకృత లీగుల్లో ఆయన చివరి సీజన్ అదే. మొత్తం పది సీజన్లు. పేజ్ ఫెన్స్ జెయింట్స్ ఆయన లేకుండానే 1898 దాకా నిలిచి, మేటి నల్లజాతి జట్లలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. గ్రాంట్ జాన్సన్ తర్వాతి తరంలో గొప్ప షార్ట్‌స్టాప్ అయ్యాడు.

ఆ తర్వాత ఫౌలర్ నడిపిన జట్లలో ఆల్ అమెరికన్ బ్లాక్ టూరిస్ట్స్ ఒకటి. ఆ ఆటగాళ్ళు పొడవాటి కోట్లు, ఎత్తు టోపీలు, పట్టు గొడుగులతో ఊరేగేవారు. ఎవరైనా అడిగితే ఆ దుస్తుల్లోనే ఆడతామని ప్రకటించేవారు. ఇది చదివినప్పుడు మనసు చివుక్కుమంటుంది. బ్యాటర్ నిలబడిన తీరు చూసి బంతి ఎటు వస్తుందో చెప్పగలవాడు, టికెట్లు అమ్ముకోవడానికి వేషం కట్టవలసి వచ్చింది. అయినా జట్టులోని కుర్రవాళ్ళకు జీతాలు ఇవ్వాలంటే జనం రావాలి. ఆ లెక్క ఆయనకు తెలుసు. నల్లజాతి జట్లతో ఒక లీగ్ పెట్టాలని కూడా ఆయన ఆలోచించాడు. అది నిలబడింది 1920లో, రూబ్ ఫోస్టర్ చేతుల మీదుగా నీగ్రో నేషనల్ లీగ్ రూపంలో.

1909 నాటికి ఫౌలర్ ఆరోగ్యం పూర్తిగా చెడింది. చేతిలో డబ్బు లేదు. ఆయన కోసం న్యూయార్క్‌లో ఒక సహాయార్థ ఆట ఏర్పాటు చేయాలని అనుకున్నారు, జరగలేదు. 1913 ఫిబ్రవరి 26న న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో, సోదరి ఇంట కన్నుమూశాడు. యాభై ఐదు నిండలేదు. పేదల సమాధుల మధ్య గుర్తు రాయి కూడా లేకుండా పూడ్చారు. 1987లో బేస్‌బాల్ చరిత్ర పరిశోధకుల సంఘం వెతికి అక్కడ రాయి నిలబెట్టింది. 2013లో కూపర్స్‌టౌన్ తన మైదానానికి వెళ్ళే వీధికి ఆయన పేరు పెట్టింది. ఆ మైదానం పేరు ఇప్పటికీ డబుల్‌డే ఫీల్డే. ఫ్రాంక్ గ్రాంట్‌ను 2006లో, ఫౌలర్‌ను 2022 జూలైలో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఫౌలర్ గురించి ఆ వేదిక మీద మాట్లాడినవాడు మాజీ ఆటగాడు డేవ్ విన్‌ఫీల్డ్.

బింగమ్‌టన్ నుంచి ఫౌలర్ వెళ్ళిపోయిన 59 ఏళ్ళకు, 1946 ఏప్రిల్ 18న, అదే ఇంటర్నేషనల్ లీగ్‌లో మాంట్రియల్ రాయల్స్ జట్టు తరఫున ఒక నల్లజాతి ఆటగాడు రెండో బేస్ దగ్గర నిలబడ్డాడు. ఆట జరిగింది న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో. ఆ రోజు అతను అయిదుసార్లు బ్యాట్ పట్టి నాలుగు హిట్లు కొట్టాడు, అందులో ఒకటి హోమ్ రన్. రెండు బేస్‌లు దొంగిలించాడు, నాలుగు పరుగులు చేశాడు. వ్యవస్థీకృత లీగుల్లో నల్లజాతి ఆటగాడిగా ఫౌలర్ నెలకొల్పిన పది సీజన్ల రికార్డును కూడా 1956లో తన చివరి ఏడాది అతనే దాటాడు. జాకీ రాబిన్సన్ మాంట్రియల్‌లో గడిపిన ఆ మొదటి మైనర్ లీగ్ ఏడాది కథ వచ్చే వారం.